ఎర్ర గన్ను, ఎర్ర కంప్రెసర్, ఒక పసుపు వ్యాన్

నేను ఇరవై ఏడేళ్ళకు రిటైరయ్యాను. నవ్వకండి. బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో పనిచేసినవాళ్ళకు ఇది మామూలే. అక్కడ కంపెనీలే మూడేళ్ళకు రిటైరవుతాయి, ఇక మనుషులెంత. నాకు వీడ్కోలు సభ జరగలేదు, శాలువా కప్పలేదు, గోడ గడియారం ఇవ్వలేదు. ఆఫీసు గ్రూపులోంచి తీసేశారు, అంతే. అయినా అనుభవం అనుభవమే కదా. కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న మా కాలేజీ జూనియర్లు "అక్కా, నీ ఫస్ట్ జాబ్ గురించి ఏదైనా రాయవా" అని అడిగారు కాబట్టి ఇది రాస్తున్నాను. విజయగాథ కోసం చదవడం మొదలుపెట్టినవాళ్ళు ఇక్కడే దిగిపోవచ్చు.

మా కంపెనీ ఆన్‌లైన్‌లో పనిముట్లు అమ్మేది. డ్రిల్లింగ్ మెషిన్లు, రంపాలు, నిచ్చెనలు. ఆఫీసులో ఉన్న ఒకే ఒక్క స్క్రూడ్రైవర్‌ను మాత్రం కాఫీ మెషిన్ మూత తెరవడానికి వాడేవాళ్ళం. నా హోదా కంటెంట్ లీడ్. నేను లీడ్ చేసే టీములో ఉన్నది నేనొక్కదాన్నే. నా పని, ఏ వస్తువు ఎలా ఎంచుకోవాలో కొనేవాళ్ళకు చెప్పే గైడ్లు రాయడం. చెట్టు నరకని నేను రంపాల గైడ్ రాశాను. బాల్కనీలోంచి కిందికి చూస్తే కళ్ళు తిరిగే నేను నిచ్చెనల గైడ్ రాశాను. ఎవరూ ఏమీ అనలేదు. దాంతో నాకు ధైర్యం వచ్చింది.

అలాంటి ధైర్యంలో రాసిందే "ఇంటి దగ్గరే బండికి పెయింట్: మొదటిసారి స్ప్రే గన్ కొనేవారికి పూర్తి గైడ్". నేను చివరిసారి రంగు వేసింది ఆరో తరగతిలో, అదీ జాతీయ జెండాకు. బెళ్ళందూరులో నా అపార్ట్‌మెంట్ దగ్గర క్యాబ్ ఎక్కి ఫోన్‌లో మొదలుపెట్టాను. ఆఫీసు ముందు దిగేసరికి గైడ్ పూర్తయింది. ట్రాఫిక్ ఇంకొంచెం ఉంటే రెండో భాగం కూడా వచ్చేది. పద్ధతి తేలిక. ఎక్కువ స్టార్లు ఉన్న గన్ను మంచిది. ఎక్కువ ప్రెషర్ అని రాసున్న కంప్రెసర్ మంచిది. మిగతాది ఐదు వెబ్‌సైట్లలో చూసి సర్దాను. వాటిలో ఒకటి నా పాత కంప్రెసర్ గైడ్‌నే చూసి రాసుకున్నదని తర్వాత తెలిసింది. అంటే నా అజ్ఞానాన్ని నేనే ఆధారంగా చూపించుకున్నాను.

గైడ్ చివర ఒక కిట్ పెట్టాలి. గన్ను, దానికి గాలి ఇచ్చే కంప్రెసర్, రెండూ కలిపి. ఏ గన్నుకు ఏ కంప్రెసర్ పెట్టాలని మా ఫౌండర్‌ను అడిగాను. ఆయనకు నా వయసే. ఫోన్‌లోంచి తలెత్తకుండా చెప్పాడు.

"ఫోటోలో సెట్ లాగా కనిపించాలి. ఏది మ్యాచ్ అవుతుందో చూడు."

గన్ను ఎర్రగా ఉంది. మా దగ్గరున్న కంప్రెసర్లలో ఎర్రది ఒకటే. సూట్‌కేసంత ఉంది, ముద్దుగా ఉంది. జత కలిపాను. ఫోటో చూసి ఆయన "సూపర్. 'ప్రొఫెషనల్' అనే మాట ఇంకో మూడుచోట్ల పడాలి" అన్నాడు. పడింది. కిట్ బాగానే అమ్ముడుపోయింది.

ఆ తర్వాత మే నెలాఖరులో ఒక బుధవారం నాకు ఒక ఫోన్ కాల్ కలిపారు. కస్టమర్ తెలుగావిడ, మూడుసార్లు కంప్లైంట్ ఇచ్చింది, మూడుసార్లూ మా వాళ్ళు "వాడినవారి పొరపాటు" అని మూసేశారు. నాలుగోసారి తెలుగులో మూసేయడానికి నన్ను పిలిచారు.

"వందనాలమ్మా. మీరు తెలుగువాళ్ళంట కదా. మాది బాపట్ల దగ్గర. ఇక్కడ కె.ఆర్.పురంలో నర్సుగా చేస్తున్నాను. మీ గన్నుతో మా వ్యాన్‌కి రంగేస్తుంటే బొట్లు బొట్లుగా పడుతుందమ్మా."

"మేడమ్, గైడ్ చదివారా?"

"చదివానమ్మా. ఆరుసార్లు."

"అయితే సరిగ్గా చదవలేదు."

"ఏడోసారి మీరు చదివి వినిపిస్తారా మరి?"

నాకు కాలింది. "మేడమ్, ఆ గైడ్ రాసింది నేనే."

"అవునా. అయితే ఇంకా మంచిది. మీరే వచ్చి వేసి చూపించండి. నేను చూసి నేర్చుకుంటాను."

నా కోపానికి ఒక చెడ్డ అలవాటుంది. నేను ఆలోచించేలోపే అది నా తరఫున మాట ఇచ్చేస్తుంది. "వస్తాను. రేపే వస్తాను" అన్నాను. ఫోన్ పెట్టేశాక ఫౌండర్‌కు చెబితే ఆయనకు అందులో ఇంకేదో కనిపించింది. "వీడియో తీసుకురా. కస్టమర్ ఇంటికి వెళ్ళి నేర్పించామని పెడదాం" అన్నాడు.

గురువారం పొద్దున వెళ్ళాను. రైల్వే స్టేషన్ వెనక సందులో ఇల్లు. పక్కన రేకుల షెడ్డు, అందులో తెల్లటి పాత వ్యాన్. దాని ముందు ప్లాస్టిక్ కుర్చీలో నడుముకు బెల్టు కట్టుకుని ఆవిడ భర్త. పిల్లల్ని స్కూలుకు తీసుకెళ్ళే వ్యాన్ అది, ఆయనే డ్రైవర్. స్కూలు వాళ్ళు ఈసారి గట్టిగా చెప్పారట. సోమవారం స్కూలు తెరిచేసరికి బండి పసుపు రంగులో ఉండాలి, లేకపోతే ఆ రూటుకు వేరే బండి వస్తుంది. ఊళ్ళో ఉన్న స్కూలు వ్యాన్లన్నీ ఒక్కసారే పసుపు పూయించుకోవాల్సి రావడంతో ఏ షాపులోనూ తేదీ దొరకలేదు. ఈయన వంగలేడు. అందుకని ఆవిడ డ్యూటీ లేని గంటల్లో తనే వేద్దామని మా కిట్ తెప్పించుకుంది.

ఎడమవైపు తలుపు చూశాను. దద్దుర్లు లేచిన ఒళ్ళులా ఉంది. నాకు లోపల సంతోషమేసింది. చేతకానితనం కళ్ళ ముందు కనపడుతోంది కదా.

"గన్ను మరీ దగ్గరగా పట్టుకుని ఉంటారు" అన్నాను.

"లేదమ్మా. మీరు రాసినట్టు జానెడు దూరం. స్కేలు పెట్టి చూసుకున్నా" అని ఆవిడ లోపలికి వెళ్ళి ఒక అట్ట తెచ్చింది. దానికి క్లిప్పు పెట్టి నా గైడ్ ప్రింటు. ఆసుపత్రిలో డాక్టరు రాసిన మందులకు పెట్టినట్టు ప్రతి వాక్యం పక్కనా టిక్కు. నా గైడ్‌ను ఎవరైనా కాగితం మీద చూడటం అదే మొదటిసారి. నాకు కొంచెం గర్వంగా, కొంచెం ఇబ్బందిగా అనిపించింది.

"ఒక్కటే పాటించలేదు" అంది. "మాస్కు. మీ ఫోటోలో అమ్మాయి గుడ్డ మాస్కు పెట్టుకుంది. అది దుమ్ముకి పనికొస్తుంది కానీ ఈ రంగు ఆవిరికి కాదు. నేను ఫిల్టర్ ఉన్నది వేరే కొనుక్కున్నా. మీకూ ఒకటి ఉంచాను, పెట్టుకోండి."

మాస్కు ఫోటో సంగతి నాకు గుర్తుంది. ఫిల్టర్ ఉన్నదైతే మోడల్ ముఖం కనపడదని గుడ్డది పెట్టించాం. ఆవిడ ఇచ్చింది పెట్టుకున్నాను.

వెనక తలుపు మిగిలి ఉంది. దాని ముందు నిలబడ్డాను, కుడిచేత్తో గన్ను, ఎడమచేత్తో ఫోన్, వీడియో ఆన్. మొదటి నలభై సెకన్లు అద్భుతం. పసుపు పట్టులా జారుతోంది. "చూశారా" అన్నాను కెమెరాతో. ఆ మాట పూర్తి కాకుండానే గన్ను దగ్గింది. ముక్కులో ఏదో అడ్డం పడ్డట్టు రెండుసార్లు చీది, పెసరగింజలంత బొట్లు ఉమ్మింది. నాకు పంతం వచ్చి ట్రిగ్గర్ ఇంకా గట్టిగా నొక్కాను. ఈసారి రంగుతో పాటు నీళ్ళు కూడా పడ్డాయి. పక్కన ఎర్ర కంప్రెసర్ దడదడలాడుతూ ఆయాసపడుతోంది.

కుర్చీలోంచి ఆవిడ భర్త శ్రద్ధగా చూశాడు. "మా ఆవిడ వేసినవి చిన్న బొట్లు. మీవి కొంచెం పెద్దవి. కంపెనీ వాళ్ళు కదా" అన్నాడు.

"ఇది డిఫెక్ట్ పీస్" అన్నాను. గొంతు పెరిగింది. "కంప్రెసర్ డిఫెక్ట్. మార్పిస్తాను. ప్రాబ్లం ఈ పీసులో ఉందంతే, గైడ్‌లో లేదు."

ఆవిడ అరవలేదు. అట్టలోంచి ఇంకో కాగితం తీసింది. ఆసుపత్రిలో జ్వరం, బీపీ రాసే చార్టు అది. దాని వెనకవైపు గడులు గీసుకుంది. టైము, కంప్రెసర్ మీద ముల్లు ఎక్కడుంది, రంగు ఎలా పడింది, చివర రిమార్క్స్. ఆదివారం నుంచి ప్రతిసారీ రాసింది. ఎనిమిది దగ్గర మొదలు. నలభై సెకన్లకు మూడు. ఆపితే నాలుగు నిమిషాలకు మళ్ళీ ఎనిమిది. మళ్ళీ నలభై సెకన్లకు మూడు. కాగితం నిండా అదే.

"డిఫెక్ట్ అయితే ఒక్కోసారి ఒక్కోలా ఉంటుందమ్మా. ఇది ప్రతిసారీ ఒకేలా ఉంది. పేషెంటు బాగానే ఉన్నాడు. ఊపిరి చాలట్లేదు, అంతే" అంది.

ఆవిడ తప్పు నిరూపించడానికి వెళ్ళి, నా మీద ఇంత శుభ్రంగా రాసిపెట్టిన సాక్ష్యాన్ని చేతిలో పట్టుకుని నిలబడ్డాను. ఫోన్ వైపు చూశాను. వీడియో ఇంకా నడుస్తూనే ఉంది. "కంపెనీ వాళ్ళు కదా" అన్న మాట కూడా అందులో ఉంది.

మధ్యాహ్నం గన్ను సంచిలో వేసుకుని ఓల్డ్ మద్రాస్ రోడ్డు మీద బళ్ళకు పెయింట్ వేసే ఒక షాపుకు వెళ్ళాను. ఆవిడకు తేదీ లేదన్న షాపుల్లో అదీ ఒకటి. యజమాని పెద్దాయన, తాతల కాలం నుంచి ఇక్కడే ఉన్న తెలుగువాళ్ళు. షాపు ముందు వరుసగా పసుపు వ్యాన్లు. గన్ను చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

"ఏమ్మా, యాడ తెచ్చినావు దీన్ని?"

"ఆన్‌లైన్‌లో, అంకుల్."

"గన్ను మంచిదే. కంప్రెసర్ చూపీ."

ఫోన్‌లో ఫోటో చూపించాను. కళ్ళద్దాలు పైకెత్తి ఫోటోనీ గన్నునీ మార్చి మార్చి చూశాడు.

"ఎవురప్పా ఈ రెండింటినీ జత చేసినోడు? రెండూ ఎర్రగా ఉండాయని సుమ్నె, ఊరికే కలిపినట్లుండాది."

 నా మూడేళ్ళ ఉద్యోగంలో నా పని మీద వచ్చిన మొదటి నిజాయితీ గల రివ్యూ అది. దానికి స్టార్లు కూడా లేవు.

"ప్రెషర్ ఎనిమిది ఉంది కదా, అంకుల్."

"ఉండాది. ఎవురు లేదన్నారు? గాలి బలంగా వచ్చేది వేరే, గాలి శానా ఉండేది వేరేమ్మా. మీ ఇల్లు యాడ?"

"బెళ్ళందూరు. అపార్ట్‌మెంట్."

"ఆ. ఎండాకాలం మీ కొళాయి తిప్పితే ఏమవుతాది? ముందు బుస్సుమని వస్తాది. ఆమీద ఆగిపోతాది. బలం లేకనా? ట్యాంకీలో నీళ్ళు లేక. ఈ గన్ను నిమిషానికి ఎంత గాలి తాగతాది, మీ డబ్బా నిమిషానికి ఎంత గాలి ఇస్తాది, అది చూడల్ల ముందు. ఆమీద గన్ను చూడల్ల. జనం గన్ను కొనుక్కోని గాలికి తిరుగుతా ఉండారు."

రెండు వేసవులు బకెట్ పట్టుకుని ట్యాంకర్ కోసం నిలబడిన మనిషిని నేను. క్యాబ్‌లో ఐదు వెబ్‌సైట్లు చదివినా తలకెక్కనిది ఆ షాపు ముందు నిలబడగానే అర్థమైంది. అర్థమైనందుకు ఇంకా కోపమొచ్చింది. ఎవరి మీద చూపించాలో మాత్రం తెలియలేదు.

"అయితే పెద్ద కంప్రెసర్ కొనాలా?"

"ఒక్క బండికి ఎందుకు కొనేది? ఉండు." లోపలికి పోయి అరచేతిలో పట్టే చిన్న గన్ను తెచ్చాడు. రంగు వెలిసిపోయి ఏ రంగుదో తెలియడం లేదు. "ఇది గీతలు పడితే టచప్‌కు వాడేది. స్వల్ప గాలితోనే బతుకుతాది. ఒక డోరు కొట్టు. ఆగు. డబ్బా నిండనీ. ఆమీద ఇంకో డోరు. నిదానంగా అవుతాది, కానీ అవుతాది. పసుపు సోమరి రంగమ్మా, ఒక కోటుకు కప్పదు. పల్చగా మూడు కొట్టల్ల. ఈ గాజు బుడ్డి పైపు మధ్యలో పెట్టుకో, గాల్లో నీళ్ళు దీంట్లో ఆగిపోతాయి. వాన మొదలైంది కదా."

ఇంకో మాట కూడా చెప్పాడు. "చెయ్యి ఆపగూడదు. కదులుతానే ఉండల్ల. ఆపితే కారతాది. ఆదివారం సాయంత్రం కడిగి తెచ్చియ్యి."

శుక్ర, శనివారాలు ఆఫీసుకు ఒంట్లో బాగోలేదని మెసేజ్ పెట్టి కె.ఆర్.పురం వెళ్ళాను. ఆవిడ వేసిన దద్దుర్లు, నేను ఉమ్మించిన పెసరగింజలు అన్నీ నీళ్ళు పోసి గరుకు కాగితంతో రుద్దాలి. గైడ్‌లో ఆ పని గురించి నేను రాసింది ఒకటే వాక్యం: "ఉపరితలాన్ని సిద్ధం చేసుకోండి." ఆ ఒక్క వాక్యానికి రెండు రోజులు పట్టింది, వేళ్ళ చివర తోలు ఊడింది. ఆవిడ భర్త కుర్చీలోంచి అజమాయిషీ. "అక్కడ ఇంకా గరుకుంది, మేడమ్ గారూ. గైడ్‌లో నున్నగా అని రాశారు."

డ్యూటీ దిగొచ్చి ఆవిడ చిన్న గన్నుతో వేసేది. తలుపు, ఆగడం, చార్టులో రాయడం, ఇంకో తలుపు. ముల్లు ఎనిమిదిలోంచి ఆరుకు దిగుతోంది, అంతకన్నా పోవడం లేదు. శనివారం సాయంత్రానికి వెనక తలుపు తప్ప మిగతా వ్యాన్ అంతా ఎండకు కళ్ళు చిట్లించేంత పసుపు.

రుద్ది రుద్ది చెయ్యి లాగినప్పుడల్లా షెడ్డులో కూర్చుని ఫోన్‌లో గైడ్ మార్చాను. మొదటి వాక్యం ఇలా పెట్టాను: "గన్ను తర్వాత. మీ కంప్రెసర్ నిమిషానికి ఎంత గాలి ఇస్తుందో, గన్ను నిమిషానికి ఎంత అడుగుతుందో ముందు చూడండి. అది పెట్టె మీద రాయనివాళ్ళ దగ్గర కొనకండి." పెట్టె మీద అది రాయనివాళ్ళలో మేమూ ఉన్నాం. ఆ సంగతి తెలిసే సేవ్ నొక్కాను.

ఆదివారం వాళ్ళు చర్చి నుంచి వచ్చాక వెనక తలుపు వంతు. ఆవిడ గన్ను తీయబోతే నేను అడిగాను.

"పాడు చేసింది నేను కదా, ఆంటీ. నేను వేస్తాను."

ఆవిడ భర్త వైపు చూసింది. ఆయన బెల్టు సర్దుకున్నాడు. "వేయనీ. పోతే పోద్ది. తలుపు తీసి ఉంచి తోలతా" అన్నాడు.

మొదటి కోటు బాగా పడింది. రెండోదీ పడింది. మూడోది సగంలో ఉండగా నా వెనక జేబులో ఫోన్ మోగింది. ఇరవై ఏడేళ్ళ మనిషికి ఫోన్ మోగితే ఏం జరుగుతుందో మీకు తెలుసు. చెయ్యి ఆగింది. ఒక్క క్షణం. హ్యాండిల్ కింద రంగు కారింది. తిట్టుకుంటూ కదిలాను. మళ్ళీ మోగింది. రెండోది దాని పక్కనే కారింది.

రెండుసార్లూ చేసింది మా ఫౌండర్. గైడ్ ఎవరు మార్చారని.

మళ్ళీ రుద్ది వేయడానికి టైము లేదు. వాన పట్టింది. ఆవిడ ఆ రెండు చారలనూ వంగి చూసి, చార్టు తీసుకుని లోపలికి వెళ్ళింది. నేను గన్ను కడిగి పెద్దాయనకు ఇచ్చి ఇంటికి పోయాను. సోమవారం పొద్దున ఏడున్నర వరకు ఫోన్ వైపు చూస్తూ కూర్చున్నాను. అప్పుడు ఆవిడ భర్త దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది: "స్కూలు గేటు దాటింది. బండిని వెనక్కి తిరగనివ్వలేదు నేను. ముందు నుంచే చూపించా."

మంగళవారం మీటింగ్. ఫౌండర్ స్క్రీన్ మీద నా కొత్త వాక్యం పెట్టాడు.

"'కొనకండి' అని రాశావు. మనం అమ్ముతాం కదా."

"గాలి చాలదు ఆ గన్నుకు. తెలిసీ ఎలా అమ్ముతాం?"

"నువ్వు గాలి విషయంలో ఎమోషనల్ అవుతున్నావు."

నేనేమన్నానో ఇక్కడ రాయను, ఇది పిల్లలు చదివేది. అద్దం గది బయట కూర్చున్నవాళ్ళు హెడ్‌ఫోన్స్ తీసి మరీ విన్నారు. సాయంత్రానికి పాత గైడ్ తిరిగొచ్చింది. దాని పైన కొత్త ఫోటో కూడా వచ్చింది: నేను ఆఫీసు ఫోల్డర్లో పెట్టిన పసుపు వ్యాన్ ఫోటో, కుడివైపుది. కింద "మా కిట్‌తో, ఇంటి దగ్గరే". ఆ రోజే నేను రిటైరయ్యాను. కొన్నాళ్ళకు ఆ కంపెనీ పనిముట్లు మానేసి కుక్కల షాంపూలోకి దిగింది. షాంపూ గైడ్ ఎవరు రాశారో, వాళ్ళకు కుక్క ఉందో లేదో నాకు తెలియదు.

మీకు నీతి ఏమైనా చెప్పాలనుకున్నాను కానీ నా కోపం ఇంకా అలాగే ఉంది, ఫోన్ కూడా చేతిలోనే ఉంది. మారింది ఒకటే. తెలియని వస్తువు గురించి ఎవరైనా అడిగితే ఇప్పుడు "తెలియదు" అంటున్నాను. అది చెప్పడానికి ఆ ఉద్యోగంలో నాకు ఎప్పుడూ అనుమతి ఉండేది కాదు. స్ప్రే గన్ గురించి మాత్రం అడగండి. ముందు మీ కంప్రెసర్ సంగతి అడుగుతాను.

మొన్న కె.ఆర్.పురం బ్రిడ్జి కింద క్యాబ్‌లో ఇరుక్కుపోయాను. ముందు ఒక పసుపు వ్యాన్. వెనక అద్దంలోంచి ఇద్దరు పిల్లలు నాలుక బయటపెట్టి నన్ను వెక్కిరిస్తున్నారు. హ్యాండిల్ కింద చూశాను. రెండు చారలు, పక్కపక్కనే, ఒకటి కొంచెం పొడుగు. ఫోటో తీసి నర్సు ఆంటీకి పంపాను: "ఇంకా ఉన్నాయి, ఆంటీ."

సిగ్నల్ పడేలోపు జవాబొచ్చింది. మాటలు లేవు, ఒక ఫోటో. ఆ చార్టు చివరి వరుస, ఆవిడ గుండ్రటి చేతిరాత. నేను ఎప్పుడూ చూడనిది. ఆదివారం సాయంత్రం రాసింది.

"వెనక తలుపు. వేసింది: గైడ్ రాసిన అమ్మాయి. రెండుచోట్ల కారింది. కండిషన్ స్టేబుల్. అబ్జర్వేషన్‌లో ఉంచాలి."